వరాలదేవి చెరువునకు దిక్కెవరు?

బతుకమ్మ పండుగ మరునాటి ఉదయమున కామత్‌ఘర్ వైపు వెళ్ళి, వరాలదేవి చెరువు గట్టున ఒక్క గడియ నిలిచి చూచినవారికి ఈ సంపాదకీయము చదువవలసిన పని లేదు. ముందటి రాత్రి మన ఆడపడుచులు పాటలు పాడుచు సాగనంపిన పూలు ఒడ్డున కుళ్ళుచుండును. వాటి నడుమ ప్లాస్టిక్ సంచులు, థర్మోకోల్ పళ్ళెములు, రంగుకాగితములు తేలుచుండును. ఈ వ్రాయువాడు నూలు వ్యాపారి. గత సంవత్సరము ఆ ఒడ్డున తన దుకాణము పేరు అచ్చువేసిన సంచి నొకదానిని చూచి, సిగ్గుపడి, చేతితో తీసి యింటికి తెచ్చెను. ఒక సంచి తీసినంతమాత్రమున చెరువు బాగుపడదు. కాని ఆలోచన యచ్చటనే మొదలైనది.

వారసత్వ స్థలమనగానే మనకు అజంతా, ఎల్లోరాలు తోచును. మన తాలూకాలోనే లోనాడ్ గుహలు కలవు. వసయీ విజయానంతరము చిమాజీ అప్పా పూనికతో వెలసిన వజ్రేశ్వరి ఆలయమును కలదు. వానిని చూచుటకు సెలవునాడు పిల్లలతో పోయి వత్తుము. వరాలదేవి చెరువు అట్టిది కాదు. పట్టణములో కొంత భాగమునకు త్రాగునీరు దీనినుండియే పోవుచున్నది. గట్టుననున్న దేవిని మరాఠీ సోదరులు తరతరములుగా కొలుచుచున్నారు. ఆ పేరు మన చెవికి వరములిచ్చు తల్లియని వినిపించుటచే కాబోలు, కరీంనగరు, వరంగల్లు, నల్లగొండ జిల్లాలనుండి మగ్గమును నమ్ముకొని వచ్చిన మన పెద్దలు ఆమెను పరాయి దేవతగా ఎన్నడును ఎంచలేదు. పద్మనగర్ కోడండ్రకును, కూతుండ్రకును పుట్టినింటి చెరువు ఇదియే యైనది. చూచి వచ్చునది ఒక విధమైన వారసత్వము. వాడుకొనుచు బ్రతుకునది మరియొక విధమైనది. ఈ రెండవదానికి కావలివారు ఉండరు, టిక్కెట్టు ఉండదు, పలక ఉండదు. కావుననే అది ముందుగా చెడును.

చెరువును ఏలుకొనుట మనకు క్రొత్త విద్య కాదు. కడప సీమలోని పోరుమామిళ్ళ చెరువు కడ 1369వ సంవత్సరపు శాసన మొకటి కలదు. బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు ఆ చెరువు కట్టించెను. వేయిమంది కూలీలు, నూరు బండ్లు రెండేండ్లు పనిచేసినట్లు శాసనము చెప్పుచున్నది. మంచి చెరువునకు పండ్రెండు అంగములను, చెడ్డ చెరువునకు ఆరు దోషములను అందు లెక్కించిరి. ఓరుగల్లు సీమలో రేచర్ల రుద్రుడు 1213లో పాలంపేట ఆలయమును వెలయించెను. అది 2021లో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కినది. ఆ గుడి ప్రక్కనే రామప్ప చెరువు నేటికిని నీటితో నిండుచున్నది. గుడిని శిల్పులు కట్టిరి. చెరువును మాత్రము కట్టినవారికంటె కాపాడినవారే నిలిపిరి. ఊరూర నీరటివారు తూములు తెరచుచు మూయుచు మడిమడికి నీరు పంచిరి. చెరువును కట్టినవారికిని, బాగుచేసినవారికిని దశబంధ మాన్యము లుండెను. పని యెవరిదో, ప్రతిఫల మెంతో, తప్పునకు బాధ్యు లెవరో ఊరివారందరకు తెలిసియుండెను. నేడు నిర్వహణ ప్రణాళిక యని పెద్ద పేరుతో పిలుచునది ఇంతకంటె వేరు కాదు.

పోరుమామిళ్ళ శాసనము చెప్పిన ఆరు దోషములలో ఒకటి మన మనస్సున నాటుకొనవలసినది. చెరువు రెండు రాజ్యముల పొలిమేరయందుండరాదని వారు చెప్పిరి. ఏలయన, గండిపడిననాడు ఇది నీ పనియని ఇరువురును ఒకరినొకరు చూచుచుందురు. వరాలదేవి చెరువునకు పట్టిన దోష మిదియే. నీరు తోడుకొనువారు ఒకరు, పూజ చేయువారు ఒకరు, విగ్రహములు నిమజ్జనము చేయువారు ఒకరు, బతుకమ్మ వేయువారము మనము, గట్టున కాపురముండువారు మరికొందరు. ఇందరు రాజులున్న పొలిమేర చెరువునకు సేవకుడు లేడు. పండుగ వచ్చినప్పుడు అందరిదియు నగును; పండుగ వెళ్ళినపిదప ఎవరిదియు గాదు.

ఇట్టి పనిని ప్రజలు తామే చేయగలరా యని సంశయించువారు మన పట్టణ చరిత్రనే తలచుకొనవలెను. 1970లోను, 1984లోను భివండి మతకలహములలో కాలినది. 1988 తరువాత ఇచ్చటి పోలీసు అధికారి సురేశ్ ఖోపడే గారు పేటపేటకు మొహల్లా కమిటీలు ఏర్పరచి, అన్ని మతముల వారిని ఒక్క చాపపై కూర్చుండబెట్టిరి. 1992-93లో బొంబాయి తగులబడుచుండగా, దానికి అంత చేరువనున్న భివండి ప్రశాంతముగా నుండెను. ఆ శాంతి పైనుండి ఊడిపడలేదు. పొరుగువాని పేరు, గుమ్మము తెలిసిన మనుష్యులు దానిని కాపాడిరి. మంటను ఆపగలిగిన పట్టణము మురికిని ఆపలేదా?

లోకమును ఈ మార్గమునకే వచ్చుచున్నది. ప్రపంచ వారసత్వ సంఘము 2007లో న్యూజీలాండు దేశపు క్రైస్ట్‌చర్చ్ నగరమున సమావేశమై, అచ్చటి మావోరీ ప్రజల దేశము చేసిన సూచనపై, తన ముఖ్య లక్ష్యములలో స్థానిక ప్రజాసమూహపు పాత్రను అయిదవదిగా చేర్చుకొన్నది. ఇక చట్టము మాట. చిత్తడి నేలల రక్షణకై 2017లో కేంద్ర ప్రభుత్వము చేసిన నిబంధనలు, త్రాగునీటికై ప్రత్యేకముగా కట్టిన చెరువులను తమ పరిధినుండి మినహాయించినవి. విగ్రహ నిమజ్జనమునకు 2020లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి మార్గదర్శకములు వెలువరించినది. అవి ఉత్తమమైనవే. కాని కాగితము గట్టున కాపలా కాయజాలదు. చట్టమే చూచుకొనునని కూర్చుండుట తగదు.

కావున చెరువును వాడుకొను ప్రజలే ఒక ప్రణాళిక వ్రాసికొని నగరపాలక సంస్థ ముందుంచవలెనని మా ప్రతిపాదన. మొదట, చెరువు హద్దులు తెలిపెడి సర్వే పటమును సంపాదించి గట్టున బహిరంగముగా ప్రకటింపవలెను; హద్దు తెలియని ఆస్తిని ఎవరును కాపాడలేరు. రెండవది, చెరువులోనికి ఎచ్చటెచ్చట ఏ కాలువ దిగుచున్నదో నడచి చూచి గుర్తింపవలెను. అందులో మన సైజింగు, అద్దకపు కార్ఖానాల నీరున్నచో దాచక చెప్పుకొనవలెను. మూడవది, నెలకొకసారి నీటిని పరీక్ష చేయించి ఫలితమును మరాఠీ, ఉర్దూ, తెలుగు భాషలలో గోడపై అంటింపవలెను. నాల్గవది, పండుగల నియమములు. బతుకమ్మను తంగేడు, బంతి, గునుగు వంటి పూలతోనే పేర్చవలెను. రసాయనపు రంగు పులిమిన గునుగు వలదు, థర్మోకోల్ వలదు. నిమజ్జనమైన పూలను మరునాటి సూర్యోదయమునకు ముందే తీసి ఎరువు చేయవలెను. అయిదవది, అన్ని సమాజముల వారును గల చిన్న సంఘము. అందు సగము స్థానములు స్త్రీలకు ఈయవలెను. నీటికై బిందె ఎత్తునదియు, బతుకమ్మను ఎత్తునదియు వారే గదా. చివరిది ద్రవ్యము. మగ్గమునకు ఇంత, దుకాణమునకు ఇంత అని ఏటేట స్వల్పమైన చందా వేసికొని, పైసపైసకు లెక్క ఈ పత్రికలోనే ప్రకటింపవలెను.

పన్నులు కట్టుచున్నాము, ఇది నగరపాలక సంస్థ పని కాదా యని కొందరు అడుగుదురు. నిజమే. కాలువలు మళ్ళించుట, పూడిక తీయించుట మనవలన అగునవి కావు. అవి సంస్థయే చేయవలెను. అయితే అడుగువాడు లేనిచోట చేయువాడును ఉండడు. చేతిలో పటము, పరీక్షా ఫలితము, లెక్కల పుస్తకము పట్టుకొని అడుగువానికి ఉత్తరము చెప్పక తప్పదు.

మరికొందరు, మనము వలస వచ్చినవారము, ఈ ఊరి చెరువు జోలి మనకేల యందురు. ఈ మాటయే మా మనస్సును ఎక్కువగా నొప్పించును. మూడు తరములు ఈ నీరు త్రాగి, ఈ నేలను కాష్ఠములు పేర్చి, ఇంకను అతిథులమనుకొనుట వినయము కాదు, బాధ్యత తప్పించుకొనుట. భాషలో మనము అల్పసంఖ్యాకులము కావచ్చును. చెరువు గట్టున మాత్రము అందరము నీటి లెక్కనే. మన భాషకు, మన పాఠశాలకు హక్కులు కోరునపుడు ఈ ఊరివారమని చెప్పుకొందుము. బరువు మోయునపుడు కూడ ఆ మాటపై నిలువవలెను.

వచ్చు ఆదివారము ఉదయము సంఘ కార్యాలయమున ఈ విషయమై సభ జరుగును. మరాఠీ, ముస్లిం సోదరులను ఆహ్వానించుచున్నాము. ప్రతి కుటుంబమునుండి ఒకరైనను, వీలైనచో అత్తాకోడండ్రు ఇరువురును, రాగోరుచున్నాము. చెరువును గూర్చి పెద్దలకు జ్ఞాపకమున్న సంగతులను, పాత ఛాయాచిత్రములను తీసికొని రండు. సభానంతరము అందరము గట్టువరకు నడచి కాలువలను లెక్కింతము. రాబోవు సద్దుల బతుకమ్మ మరునాడు మన ఆడబిడ్డలు ఆ ఒడ్డునకు పోయి తల వంచుకొనక నిలువగలిగిననాడు మన పని కొంత జరిగినట్లు.