రేడియో అన్నయ్యయు, మన పిల్లల నోరును

రేడియోలో గాని టెలివిజనులో గాని చిరకాలము పనిచేసిన వ్యాఖ్యాతను లోకము సాధారణముగా కంఠమాధుర్యమును బట్టి కొనియాడును. ఆ కొలత చాలదు. ఆ కంఠమును విని ఎందరు తాము నోరు విప్పి మాటాడ నేర్చిరో విచారింపవలెను. ఈ విధముగ విచారించినచో ఆంధ్రుల ప్రసార చరిత్రమున న్యాయపతి రాఘవరావుగారికిని, వారి సతీమణి కామేశ్వరిగారికిని అగ్రస్థానము చెల్లవలసియున్నది. తెలుగు బాలలు వారిని “రేడియో అన్నయ్య” యనియు, “రేడియో అక్కయ్య” యనియు పిలిచిరి. ఏ ప్రభుత్వ బిరుదమును ఈ పిలుపులకు సాటి రాదు.

రాఘవరావుగారు 1905లో బరంపురమున జన్మించిరి. నాడది మద్రాసు రాజధానిలోని గంజాము జిల్లాకు చెందియుండెను. మన చికాకోలు తాలూకాయు నాడు ఆ జిల్లాలోనిదే. 1936లో ఒరిస్సా రాష్ట్ర మేర్పడినపుడు పటముపై గీత గీచిరి. ఊళ్లు విడిపోయినవి గాని మాట విడిపోలేదు. కావున విజయనగర శ్రీకాకుళ మండలముల వారు అన్నయ్యను తమవాడని చెప్పుకొనుటలో అతిశయోక్తి యేమియు లేదు.

1938 జూన్ 16వ తేదీన మద్రాసున ఆకాశవాణి కేంద్రము వెలసినది. రేడియో పెట్టె నాడు సంపన్నుల యిండ్లకును, కొలదిపాటి పఠనమందిరములకును పరిమితమై యుండెను. అట్టి కాలమున ఈ దంపతులు బాలల కార్యక్రమమును చేపట్టిరి. పెద్దలు పీఠమెక్కి నీతులు బోధింప, పిల్లలు చేతులు కట్టుకొని వినుట కాదు వారి పద్ధతి. పిల్లలే పాడిరి, పిల్లలే నాటకములాడిరి, పిల్లలే ప్రశ్నించిరి. అన్నయ్య నడుమ నిలిచి ఒకరి మాటను మరియొకరికి అందించుచుండెను. గాలిలోనికి పోయిన మాట నిలువదని గ్రహించి 1940లో ఆంధ్ర బాలానంద సంఘమును స్థాపించిరి. 1945లో “బాల” యను మాసపత్రికను ప్రారంభించిరి. 1956లో ఆంధ్రప్రదేశ్ అవతరించిన పిమ్మట హైదరాబాదు వారి కార్యరంగమైనది. అక్కయ్య 1980లోను, అన్నయ్య 1984లోను కీర్తిశేషులైరి. ప్రసారము, సంఘము, పత్రిక, రంగస్థలము అను నాలుగు మార్గముల సాగిన ఆ జీవితమునకు లక్ష్యమొక్కటియే: తెలుగు బిడ్డకు మాటాడు ధైర్యము నిచ్చుట.

టెలివిజను వచ్చిన పిదప ఇట్టి నిష్ఠకు ఉదాహరణముగ శాంతిస్వరూప్‌గారిని చెప్పుకొనవచ్చును. హైదరాబాదు దూరదర్శన్ కేంద్రము 1977లో ప్రారంభమైనది. 1983 నవంబరు 14వ తేదీన దానిలో తొలి తెలుగు వార్తలను చదివినవారు వీరే. నేటి వార్తాపాఠకుల కన్నులకెదురుగ అక్షరములు కదలుచుండును. ఆ సౌకర్యము నాడు లేదు. వాక్యములను మనసున నిలుపుకొని ప్రేక్షకుని ముఖము చూచుచు చెప్పవలసి యుండెను. వారు 2011లో పదవీ విరమణ మొనరించి, 2024 ఏప్రిల్ 5వ తేదీన పరమపదించిరి. వారి తెలుగు విని ఉచ్చారణ దిద్దుకొన్న గృహములు లెక్కకు మిక్కిలి.

ఈ చరిత్రము నేడు చెప్పుటకు కారణము కలదు. ఇప్పుడు ఛానళ్లకు కొదువ లేదు, వ్యాఖ్యాతలకును కొదువ లేదు. అయినను గరివిడిలోని బాలుడు వాటిలో తన యింటి మాటను ఎచ్చట వినుచున్నాడు? సినిమాలోని పనివాని నోటను, హాస్యగాని నోటను తరచుగా వినుచున్నాడు. “గుంటడు” అన్నచో ప్రేక్షకులు నవ్వుదురు. అక్కను “అప్ప” యని పిలిచినచో మరల నవ్వుదురు. ఆ మాటలతోనే తల్లి తన్ను పెంచినదని ఎరిగిన బిడ్డ ఆ నవ్వును విని ఏమి నేర్చుకొనును? నోరు మూసికొనుట నేర్చుకొనును. తరగతిలో ప్రశ్నవేయ వెనుకాడును. పట్నమునకు ఉద్యోగపరీక్షకు పోయి, తెలిసిన సమాధానము చెప్పుటకును జంకును. ఇది హాస్యముతో పోవు నష్టము కాదు.

వాడుకభాష కొరకు జీవితమును ధారవోసిన గిడుగు రామమూర్తిగారు 1863లో శ్రీకాకుళ ప్రాంతముననే జన్మించిరి. వారి జన్మదినమగు ఆగస్టు 29ని తెలుగు భాషాదినోత్సవముగా జరుపుకొనుచున్నాము. గురజాడ అప్పారావుగారు విజయనగరమున కూర్చుండి ప్రజల మాటకు సాహిత్యగౌరవము కల్పించిరి. తెలుగువారందరికి వాడుకభాషను నిలిపి యిచ్చిన సీమ యొక్క మాటయే తెలుగువారి వినోదమునకు ఎగతాళి వస్తువగుట ఎంతటి విపరీతము!

వార్తలకు అందరికి తెలియు సామాన్యభాష యొకటి యుండవలెనని కొందరందురు. మేమును ఒప్పుకొందుము. తుపాను హెచ్చరిక యిచ్ఛాపురమునను, చిత్తూరునను ఒకే రీతి బోధపడవలెను. కాని బాలల కార్యక్రమమునకు, రైతుల ముచ్చటలకు, ఆరోగ్య విషయములకు ఆ నియమమేల? గంభీరమైన సంగతిని ఈ ప్రాంతపు యాసలో చెప్పు వ్యాఖ్యాత యొకడు నిత్యము వినబడినచో, ఆ యాసను విని నవ్వువారు తామే తగ్గుదురు.

1963 నుండి విశాఖపట్టణమున ఆకాశవాణి కేంద్రము గలదు. మన మండలముల పాఠశాలల పిల్లలను వంతులవారీగ పిలిచి, వారి మాటలను వారి యాసలోనే ప్రసారము చేయుట ఆ కేంద్రమునకు భారము కానేరదు. పాత బాలానందము ధ్వనిముద్రణలలో మిగిలియున్నవానిని పాఠశాలలకు అందుబాటులోనికి తెచ్చుట ప్రసారభారతి కర్తవ్యము. ఛానళ్ల యజమానులు హాస్యమును మానవలెనని మేము కోరుట లేదు. ఆ యాసకు హాస్యమొక్కటియే గతి యని తలచుటను మానవలెనని కోరుచున్నాము.

అంతవరకు మనము చేతులు ముడుచుకొని కూర్చుండ నక్కరలేదు. గరివిడి, చీపురుపల్లి మొదలగు చోట్ల గ్రంథాలయములు కలవు. ఆదివారమున ఒక గంట పిల్లలకు విడువుడు. పెద్దవారొకరు అన్నయ్య స్థానమున కూర్చుండి తాము తక్కువ మాటాడి, వారిచే ఎక్కువ మాటాడింపవలెను. ప్రతి బిడ్డయు ముందు ఒక కథను ఇంటి మాటలో చెప్పవలెను. పిదప పత్రికలోని యొక వార్తను స్ఫుటముగ చదువవలెను. ఈ రెండును నేర్చినవానికి ఏ సభయందును భయము కలుగదు. అన్నయ్య మొదలిడినప్పుడు మన యూళ్లలో రేడియో పెట్టె యుండుటయే అరుదు. నేడు ధ్వనిని ముద్రించు యంత్రము ప్రతివాని జేబులో గలదు. పిల్లల మాటలను దానిలో ముద్రించి ఆకాశవాణికి పంపుడు. వచ్చు ఆదివారమే ఇందుకు తగిన దినము.