డిగ్రీ చదివి సిపాయా? ఆఫీసరా?
వయసు లెక్క చూసుకోని పల్లె పట్టభద్రులు

తాడేపల్లిగూడెం: మాధవరం అంటే మిలటరీ మాధవరం అని జిల్లా అంతా ఎరిగినదే. రెండు ప్రపంచ యుద్ధాల నాటి నుంచీ ఆ ఊరి మగపిల్లలు మిలటరీకి వెళుతూనే ఉన్నారు. ఆ గాలి చుట్టుపక్కల ఊళ్ళకూ సోకింది. తాతల కాలంలో సిపాయిగా చేరినవారికి చదువు అంతంతమాత్రం. నేడు అదే వరుసలో బి.ఏ., బి.కాం. ప్యాసయిన కుర్రవాళ్ళు కూడా నిలబడుతున్నారు. పదవ తరగతి చాలిన కొలువుకు డిగ్రీ పట్టా పట్టుకుని పోవడమెందుకన్న ప్రశ్న మాత్రం ఇళ్ళలో రావలసినంతగా రావడం లేదు.

సిపాయి కొలువు కూడా మునుపటిది కాదు. 2022 జూన్‌లో కేంద్ర ప్రభుత్వం అగ్నిపథ్ పథకం ప్రకటించింది. నాలుగేళ్ళ సర్వీసు. ఆపైన నూటికి 25 మందిని మించి ఉంచుకోరు. మొదటి ఏడు నెలకు 30,000 రూపాయలు అన్నారు గాని అందులో 9,000 నిధికి పట్టుకుని చేతికి 21,000 ఇస్తారు. ప్రభుత్వం కూడా అంతే వేసి, బయటకు పంపేటప్పుడు వడ్డీతో సుమారు 11 లక్షల 71 వేలు ఇస్తామని ఆనాడు లెక్క చెప్పారు. పెన్షన్ లేదు. పరుగు, మెడికల్ నెగ్గి రాతపరీక్ష కోసం ఎదురుచూస్తున్నవారికి అది పిడుగుపాటయింది. ఆ నెల 17న సికింద్రాబాద్ స్టేషన్‌లో రైళ్ళు తగలబడ్డాయి. పోలీసు కాల్పుల్లో ఒక యువకుడు చనిపోయాడు.

అసలు చిక్కు వయసు దగ్గర ఉంది. డిగ్రీ చేతికొచ్చేసరికి కుర్రవాడికి 20, 21 ఏళ్ళు. అగ్నివీర్‌కు 2022లో పెట్టిన పైవయసు 21, ఆ ఒక్క ఏడాదికి మాత్రం 23. ఇప్పటిది నోటిఫికేషన్‌లో సరిచూసుకోవలసిందే. ఆ తలుపు మూసుకుపోతుందన్న తొందరలో చేరితే, నాలుగేళ్ళు చేసి తిరిగి వచ్చేసరికి 25. ఆఫీసర్ పరీక్షకు డెహ్రాడూన్ అకాడమీకి సుమారు 24, చెన్నై అకాడమీకి 25 హద్దు. అంటే మొదటి తలుపు గుండా వెళ్ళి వెనక్కి పంపబడినవాడికి రెండవది కూడా మూసి కనిపిస్తుంది. రెగ్యులర్ సిపాయిలు ఆఫీసర్లు కావడానికి ఆర్మీ కేడెట్ కాలేజీ దారి ఉన్నమాట నిజమే. కాని నూటికి 75 మంది రెగ్యులర్ దాకా వెళ్ళరు గదా!

అందుచేత డిగ్రీ ఆఖరి సంవత్సరంలోనే ఆఫీసర్ పరీక్ష రాయడం తెలివైన పని. సి.డి.ఎస్. అనే ఈ పరీక్షను యు.పి.ఎస్.సి. ఏటా రెండుసార్లు పెడుతుంది. ఆఖరి ఏడాది చదువుతున్నవారు రాయవచ్చు. పెళ్ళి కాకూడదు. విజయవాడ, విశాఖపట్నంలలో సెంటర్లు ఉన్నాయి. డెహ్రాడూన్‌కు ఇంగ్లీషు, జనరల్ నాలెడ్జి, లెక్కలు, మూడు పేపర్లు. చెన్నైకి లెక్కల పేపరు లేదు, ఆడపిల్లలకు కూడా ప్రవేశం ఉంది. లెక్కలంటే బెదిరే బి.ఏ. విద్యార్థులకు ఈ సంగతి తెలిస్తే సగం భయం తీరుతుంది. అకాడమీలో శిక్షణ కాలంలోనే నెలకు 56,100 రూపాయల స్టయిపెండ్ ఇస్తారు.

ఊళ్ళో రిటైరయిన సుబేదారు గారిని అడిగితే పరుగు సంగతి చక్కగా చెబుతారు. ఆయన రాయని పరీక్ష సంగతి ఆయనను అడిగి లాభం లేదు.

తెలుగు మీడియం వారికి అడ్డు మరొకటి. అగ్నివీర్ రాతపరీక్షను 2025లో తెలుగులోనూ రాయనిచ్చారు. ఆఫీసర్ పరీక్ష ప్రశ్నలు ఇంగ్లీషు, హిందీలలోనే. అది దాటినా ఎస్.ఎస్.బి. అని అయిదు రోజుల ఎంపిక ఉంటుంది. మన వైపు వారిని ఎక్కువగా బెంగుళూరు పిలుస్తారు. బొమ్మ చూపి కథ రాయమంటారు, పదిమందిలో కూర్చోబెట్టి చర్చించమంటారు. మొదటిరోజే ఎక్కువమందిని ఇంటికి పంపేస్తారు. పొలం పని, మనుషులతో మెలిగే నేర్పు అక్కడ పనికివచ్చేవే. నోరు మెదపడమే కష్టం. ఏడాది ముందు నుంచీ రోజూ ఇంగ్లీషు పేపరు పైకి చదవడం తప్ప దీనికి దగ్గరి దారి లేదు.

ఆఫీసర్ అయినంత మాత్రాన జీవితాంతం కొలువనీ అనుకోరాదు. చెన్నై నుంచి వచ్చే షార్ట్ సర్వీస్ ఆఫీసర్‌కు పదేళ్ళు, పొడిగిస్తే మరో నాలుగేళ్ళు. పర్మనెంటు కాకపోతే పెన్షన్ లేదు. పెన్షన్ మీదే కన్ను ఉన్న తల్లిదండ్రులు డెహ్రాడూన్ పేపర్ల మీద, అందులో లెక్కల మీద శ్రద్ధ పెట్టించాలి.

ఎన్.సి.సి. 'సి' సర్టిఫికెట్‌లో కనీసం 'బి' గ్రేడు, డిగ్రీలో 50 శాతం మార్కులు ఉన్నవారిని రాతపరీక్ష లేకుండా నేరుగా ఎస్.ఎస్.బి.కి పిలిచే పద్ధతి వేరే ఉంది. ఎన్.సి.సి. ఉన్న కాలేజీల్లో కూడా ఈ మాట చెప్పేవారు తక్కువ.