మగ్‌రిబ్ తరువాత వైద్యుడెక్కడ?

1992 జులై 8, రాత్రి 7 గంటల 45 నిమిషాలు. పశ్చిమ బెంగాల్‌లోని మథురాపూర్ స్టేషన్‌లో హకీం షేక్ అనే వ్యవసాయ కూలీ రైలు నుంచి జారిపడ్డాడు. తలకు తీవ్రమైన గాయమైంది. మొదట తీసుకువెళ్లిన ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో తగిన సదుపాయాలు లేవు. ఆ రాత్రంతా ఆయనను కలకత్తాలో ఒక ప్రభుత్వ ఆసుపత్రి నుంచి మరొక ఆసుపత్రికి తిప్పారు. పడకలు లేవని, సౌకర్యాలు లేవని పంపివేశారు. చివరకు మరునాటి ఉదయం ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేరి, సుమారు 17 వేల రూపాయలు ఖర్చు చేసుకోవలసి వచ్చింది.

ఆ వ్యాజ్యంలో 1996లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు మనందరం గుర్తుంచుకోదగినది. అవసరమైన వైద్యాన్ని సకాలంలో అందించకపోవడం రాజ్యాంగంలోని 21వ అధికరణం ప్రసాదించిన జీవించే హక్కును ఉల్లంఘించడమేనని న్యాయస్థానం ప్రకటించింది. 25 వేల రూపాయల పరిహారం ఇప్పించింది. నిధుల కొరతను సాకుగా చూపరాదన్నది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలోనే తక్షణ చికిత్సకు తగిన ఏర్పాట్లు ఉండాలని ఆదేశించింది. అంటే రోగి మొట్టమొదట తట్టే తలుపే ముఖ్యమని న్యాయస్థానం గుర్తించిందన్నమాట.

మన బస్తీలలో ఆ మొదటి తలుపు ఎన్ని గంటలకు మూతపడుతున్నది?

హైదరాబాదులో 2018లో ప్రారంభమైన బస్తీ దవాఖానాలు మేలు చేశాయని చెప్పడానికి మేము సంకోచించము. ఒక వైద్యుడు, ఒక నర్సు, ఒక సహాయకుడు, ఉచిత మందులు, ఉచిత పరీక్షలు గల్లీ చివరనే లభించడం చిన్న విషయం కాదు. పెద్దాసుపత్రికి ఒంటరిగా వెళ్లడానికి వెనుకాడే మన స్త్రీలకు అది పెద్ద ఊరట. కానీ ఆ దవాఖానాల వేళలు చాలావరకు ఉదయం 9 నుంచి సాయంత్రం 4 వరకే. ఆ వేళలో ఆటో నడిపేవాడు రోడ్డు మీద ఉంటాడు. జర్దోజీ పనివాడు మగ్గం ముందు ఉంటాడు. ఇళ్లలో పనిచేసే తల్లి ఇంకా ఇల్లు చేరదు. ఆ రోజు కూలి వదులుకున్నవారికే ఉచిత వైద్యం దక్కితే దానిని ఉచితమని ఎలా అనగలం? పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో సాయంత్రపు ఓపీ ఉండాలని 2013లో ఆరంభమైన జాతీయ పట్టణ ఆరోగ్య మిషన్ విధివిధానాలే చెప్పాయి. మేము కొత్తగా కోరుతున్నదేమీ లేదు.

దవాఖానా మూతపడిన తరువాత మన కుటుంబాలకు మిగిలేవి మూడు దారులు: చదువు లేని ‘డాక్టరు’, మందుల దుకాణం, లేదా పెద్దాసుపత్రి క్యాజువాలిటీ. గల్లీలోని ఆర్ఎంపీ అర్ధరాత్రి తలుపు తట్టినా లేస్తాడు, అప్పు పెడతాడు, మన భాషలో మాట్లాడతాడు. అతనిపై మాకు ద్వేషం లేదు. కానీ ఆదరణ వేరు, భద్రత వేరు. అతడు వేసే స్టెరాయిడ్ ఇంజెక్షన్‌తో నొప్పి ఆ పూటకు తగ్గవచ్చు. మధుమేహం ఉన్నవారికి మాత్రం చక్కెర ఒక్కసారిగా పెరుగుతుంది. డెంగీ జ్వరంలో కొన్ని నొప్పి మాత్రలు వాడితే రక్తస్రావం ముప్పు అధికమవుతుంది. రెండు రోజులకే ఆపివేసే యాంటీబయాటిక్ రేపు అసలు అవసరం వచ్చినప్పుడు పనిచేయకపోవచ్చు. ముఖ్యమైన పలు యాంటీబయాటిక్‌లను షెడ్యూల్ హెచ్1లో చేర్చి, వైద్యుని చీటీ మీదనే అమ్మాలని, ప్రతి అమ్మకాన్నీ రిజిస్టరులో నమోదు చేయాలని నిబంధన విధించారు. చీటీ రాసే వైద్యుడే అందుబాటులో లేని వేళ ఆ నిబంధనను ఎవరు పాటిస్తారు?

రమజాన్ మాసంలో ఈ లోటు మరింత స్పష్టంగా కనబడుతుంది. ఇన్సులిన్, కొన్ని రకాల మాత్రలు వాడే ఉపవాసులకు చక్కెర పడిపోయే ప్రమాదం ఇఫ్తార్‌కు ముందటి గంటలలో ఎక్కువ. సరిగ్గా అప్పటికే దవాఖానాకు తాళం పడుతుంది. రోగులకు ఉపవాసం నుంచి మినహాయింపును దివ్య ఖుర్ఆనే ఇచ్చింది. ఎవరు ఉండవచ్చు, ఎవరు ఉండరాదు, మందుల వేళలు ఎలా మార్చాలి అన్నది రమజాన్‌కు ముందే వైద్యునితో మాట్లాడి తేల్చుకోవాలి. ఆ మాటకు పని ముగిసిన తరువాత సమయం దొరకాలి.

అయితే వేళలు పొడిగించినంత మాత్రాన సరిపోదు. ఉదయం 9 గంటలకు వచ్చిన వైద్యుణ్ణే రాత్రి 9 వరకు కూర్చోబెడితే అలసిన కళ్లు పొరబడతాయి; ఆ పొరబాటుకు బలయ్యేది పేదవాడే. కనుక మేము కోరేది అదనపు గంటలతోపాటు అదనపు సిబ్బందిని. కేరళలో 2017లో మొదలైన ఆర్ద్రం మిషన్ కింద కుటుంబ ఆరోగ్య కేంద్రాలలో వైద్యులను, నర్సులను పెంచి, ఓపీని సాయంత్రం 6 వరకు నడిపారు. సిబ్బందిని పెంచకుండా బోర్డు మీద వేళలు మార్చడం మోసమే అవుతుంది.

సాయంత్రం వచ్చే వైద్యునికి ఉదయం రాసిన మందుల వివరాలు కనబడాలి. చక్కెర, హిమోగ్లోబిన్, మలేరియా, డెంగీ పరీక్షలు అక్కడికక్కడే జరగాలి. వారంలో కొన్ని సాయంత్రాలైనా మహిళా వైద్యురాలు ఉండాలి. ఉర్దూ తెలిసినవారు ఒకరుండాలి. రోగిని పెద్దాసుపత్రికి పంపేటప్పుడు చేతిలో వివరమైన చీటీ, బయట 108 వాహనం ఉండాలి. ఇ-సంజీవని వంటి దూర వైద్య సేవ సలహాకు ఉపకరిస్తుంది. కానీ ఫోనులోని వైద్యుడు బిడ్డ కడుపు నొక్కి చూడలేడు, ఛాతీపై స్టెతస్కోపు పెట్టలేడు.

మన బాధ్యత కూడా ఉన్నది. ‘సూది వేయని వాడు డాక్టరే కాదు’ అనే మాటను మన ఇళ్లలో మనమే మానుకోవాలి. ప్రతి ఇంటిలో మందుల చీటీలన్నీ ఒక ఫైలులో భద్రపరచాలి. తమ బస్తీ దవాఖానాలో వైద్యుల పోస్టులు ఎన్ని, ఖాళీలెన్ని, సాయంత్రపు ఓపీ ఎందుకు లేదు అని మస్జిద్ కమిటీలు, మహిళా సంఘాలు, యువకులు సమాచార హక్కు చట్టం కింద లిఖితపూర్వకంగా అడగాలి. వచ్చిన జవాబులతో కార్పొరేటరును, శాసనసభ్యుణ్ణి కలవాలి. ఎన్నికలప్పుడు షాదీఖానాలు, ఖబరస్తాన్ గోడలు అడుగుతున్నాము. వాటి అవసరాన్ని మేము కాదనము. కానీ బతికుండగా కావలసిన వైద్యుణ్ణి కూడా అంతే పట్టుదలతో అడగాలి.

హకీం షేక్‌కు న్యాయం దక్కడానికి నాలుగేళ్లు పట్టింది. జ్వరంతో ఉన్న బిడ్డ తెల్లవారే దాకా కూడా ఆగలేకపోవచ్చు.