గ్రూపు కలిసింది, రక్తం కలవలేదు

పోయిన నెల ఓ రాత్రి ఫ్యామిలీ వాట్సాప్‌లో మెసేజ్: "ఎల్లారెడ్డి అత్తమ్మకు ఆపరేషన్. ఓ పాజిటివ్ రక్తం కావాలె." నాదీ అదే గ్రూపు. లాప్‌టాప్ మూసేసి హైదరాబాద్‌లో కామారెడ్డి బస్సెక్కాను.

నేను వెళ్లేసరికి గొడవ జరుగుతోంది. బ్లడ్ బ్యాంకులో ఉన్న మూడు ఓ పాజిటివ్ బ్యాగులూ క్రాస్‌మ్యాచ్‌లో కలవలేదట. "గ్రూపు ఒక్కటేనాయె, ఎక్కియ్యరాదు?" అని బావ అరుస్తున్నాడు. ల్యాబ్ టెక్నీషియన్ మాత్రం కదల్లేదు. "గ్రూపు కలిసింది అన్నా, రక్తమే కలుస్తలేదు."

నాకూ అప్పుడే తెలిసింది. ఏ, బి, ఓ, ఆర్‌హెచ్ కాక రక్తంలో ఇంకా 40కి పైగా గ్రూపు వ్యవస్థలున్నాయి. 'పాజిటివ్' అన్నది కూడా ఆర్‌హెచ్‌లో డి అనే ఒక్క గుర్తు గురించే. మనలో లేని గుర్తున్న ఎర్రకణాలు రక్తమార్పిడిలోనో, కడుపులోని బిడ్డ నుంచో వస్తే, కొందరి ఒంట్లో వాటి మీద యాంటీబాడీలు తయారవుతాయి. తలసీమియా పిల్లలకు మాటిమాటికీ రక్తం ఎక్కించాలి కాబట్టి వాళ్లకు ఈ ప్రమాదం ఎక్కువ.

అత్తమ్మను అడిగితే, "పెద్దోడు పుట్టినప్పుడు రెండు సీసాలు ఎక్కించిన్రు బిడ్డా" అంది. ఆ సంగతి అప్పటిదాకా డాక్టరుకు ఎవరూ చెప్పలేదు!

అసలు భయం ఇంకోటుంది. కొన్నేళ్లకు ఈ యాంటీబాడీలు టెస్టుకు దొరకనంతగా తగ్గిపోవచ్చు. కిడ్ అనే గ్రూపువి ఇందులో పేరుమోసినవి. లాగ్ ఫైలు డిలీటైనా బ్యాకప్ ఉన్నట్టు, ఒంటికి మాత్రం గుర్తుంటుంది. క్రాస్‌మ్యాచ్ బాగానే వస్తుంది, రక్తం ఎక్కుతుంది, ఇంటికి పంపిస్తారు. వారం తిరిగేలోపు కళ్లు పచ్చబడతాయి, మూత్రం నల్లబడుతుంది, హిమోగ్లోబిన్ పడిపోతుంది. మనమేమో పసిరికలని ఆకుమందుకు పరుగెత్తుతాం.

అత్తమ్మ శాంపిల్ హైదరాబాద్ పంపితే, ఆర్‌హెచ్‌లోనే 'చిన్న సి' అనే గుర్తు మీద యాంటీబాడీ అని తేలింది. అది లేని రెండు బ్యాగులు మూడో రోజుకు దొరికాయి. ఆపరేషన్ అయింది. ఆ రాత్రి టెక్నీషియన్ మా అరుపులకు భయపడి ఉంటే ఏమయ్యేదో!

యాంటీబాడీ పేరు రాసిచ్చిన కాగితాన్ని అత్తమ్మ ఆధార్ కార్డుతో పాటు దాచుకుంది. ఇక ఏ ఆసుపత్రికి పోయినా ముందు అదే చూపిస్తుంది. మీరూ ఇవాళ అమ్మను ఒక్కమాట అడగండి: ఎప్పుడైనా రక్తం ఎక్కించారా? ఎక్కించాక ఏమైనా తేడా చేసిందా? జవాబు రాసి పెట్టుకోండి.