పామూ చావకూడదు, కర్రా విరగకూడదు



"పాము చావకుండా, కర్ర విరగకుండా" అనే మాట మీరు వినే ఉంటారు. ఏ సంగతీ ఎటూ తేల్చకుండా తప్పుకు తిరిగేవాళ్ళను ఎత్తిపొడవటానికి దాన్ని వాడతారు. కాని నిజంగానే ఇంట్లోకి పాము వచ్చినప్పుడు ఇంతకంటె మంచి సలహా మరొకటి లేదని నేనంటాను. పామూ చావకూడదు, కర్రా విరగకూడదు. ఇంకా చెప్పాలంటే, అసలు కర్ర పైకి లేవనే కూడదు. ఎందుకో చెబుతాను. మీకు సబబుగా తోస్తేనే ఒప్పుకోండి.

మామూలుగా జరిగేదేమిటో ఒకసారి తలుచుకోండి. "పాము! పాము!" అని ఎవరో కేక వేస్తారు. ఇరుగు పొరుగు వాళ్ళు పరుగెత్తుకు వస్తారు. ఒకరి చేతిలో దుడ్డుకర్ర, మరొకరి చేతిలో గడ్డపార. మూల చీకటిగా ఉంటుంది. కాళ్ళకు చెప్పులుండవు. చుట్టూ పిల్లలు మూగుతారు. పాముకు పారిపోయే దారి కనిపించదు. మొదటి దెబ్బ గురి తప్పుతుంది. అంతవరకు దాక్కోవాలని చూసిన పాము ఇప్పుడు ప్రాణభయంతో తిరగబడుతుంది. తన దారిన తాను పోవాలనుకున్న జంతువును మనమే కాటువేసేటంత దగ్గరకు తెచ్చుకున్నామన్న మాట.

ఇది చిన్న విషయం కాదు. 2000 నుంచి 2019 వరకు ఇరవై ఏళ్ళలో మన దేశంలో పాముకాటు వల్ల దాదాపు 12 లక్షల మంది చనిపోయారని 2020లో వెలువడిన ఒక అధ్యయనంలో శాస్త్రజ్ఞులు అంచనా కట్టారు. అంటే సగటున ఏడాదికి 58,000 మంది. వారిలో నాలుగోవంతుకు పైగా పదిహేనేళ్ళ లోపు పిల్లలు, అంటే మీ ఈడు వాళ్ళు, మీ తమ్ముళ్ళ, చెల్లెళ్ళ ఈడు వాళ్ళు. దాదాపు సగం మరణాలు జూన్ నుంచి సెప్టెంబరు దాకా, వానాకాలంలో జరిగినవే. చనిపోయినవారిలో ఎక్కువమంది పల్లెటూళ్ళవాళ్ళు. వారి ప్రాణం పోయింది ఆసుపత్రిలో కాదు, ఇంటి దగ్గరే. ఎక్కువ మరణాలు సంభవించిన ఎనిమిది రాష్ట్రాలలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. కాబట్టి నేను చెప్పబోయేది పాము మీద జాలితో మాత్రమే చెబుతున్నానని అనుకోకండి. ముందు మీ ప్రాణం సంగతి.

అసలెందుకు వస్తుంది?

పాముకు మనతో పని లేదు. మనల్ని మింగలేదు, మన అన్నం తినదు. దానికి కావలసినవి మూడే: తిండి, నీడ, తడి లేని చోటు. గాదెలో ధాన్యం ఉంటే ఎలుక వస్తుంది. ఎలుక వెంట పాము వస్తుంది. కోళ్ళగూటిలో పిల్లలూ గుడ్లూ ఉంటే వాటి కోసం వస్తుంది. దీపం చుట్టూ పురుగులు మూగితే వాటి కోసం కప్పలూ బల్లులూ చేరుతాయి. వాటి కోసం మళ్ళీ పాము. ఇదొక గొలుసు. మీరు పాఠ్యపుస్తకంలో చదువుకునే ఆహారపు గొలుసు మీ ఇంటి వసారాలోనే ఉంది!

పాము తన ఒంటి వేడిని మనలాగా తానే నిలుపుకోలేదు. చుట్టూ ఉన్న గాలి, నేల ఎంత వేడిగా ఉంటే అదీ దాదాపు అంత వేడెక్కుతుంది. అందుకని మండుటెండలో చల్లని మూల వెతుక్కుంటుంది. వానలు పడి పొలంలో బొరియలు నీటితో నిండితే మెట్టకు ఎక్కుతుంది. ఆ మెట్ట మీదే మన ఇళ్ళున్నాయి. 2018 వానాకాలంలో కృష్ణా జిల్లా దివిసీమలో పాముకాట్లు ఎక్కువై, అవనిగడ్డ ఆసుపత్రికి వరుసగా బాధితులు వచ్చిన సంగతి పత్రికల్లో చదివాం.

దీన్నిబట్టి తేలేదేమిటి? ఒక పామును చంపినంత మాత్రాన పని అయిపోలేదు. ఎలుకలు అక్కడే ఉన్నాయి. గోడ వార కట్టెలమోపు, పిడకల గూడు అక్కడే ఉన్నాయి. మురుగు తూముకు జల్లెడ లేదు. గుమ్మం కింద రెండువేళ్ళ సందు అలాగే ఉంది. ఇవాళ చచ్చిన పాము స్థానంలోకి రేపు మరొకటి వస్తుంది. ఎలుకలను తినే పాము పోయింది గనక ఎలుకలు ఇంకాస్త పెరుగుతాయి. ఎలుక మూడు వారాలు మోసి ఈనేస్తుందని మరిచిపోకండి.

వచ్చింది ఎవరు?

మన దేశంలో మూడు వందలకు పైగా పాము జాతులున్నాయి. వాటిలో ఎక్కువ భాగం మనిషి ప్రాణం తీయలేవు. ఇంటి చుట్టుపక్కల తిరిగే జెర్రిపోతుకు విషం లేదు. నీరుకట్టెకూ లేదు. ఎక్కువ ప్రాణాలు తీసేవి నాలుగు: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర.

ఈ తేడాను తెలుసుకోవాలన్న పట్టుదలతో మన గడ్డ మీదే ఒక శాస్త్రజ్ఞుడు పనిచేశాడు. ఆయన పేరు పాట్రిక్ రస్సెల్. స్కాట్లండుకు చెందిన వైద్యుడు. విశాఖపట్నంలో ఉంటూ కోరమాండల్ తీరపు పాములను సేకరించి, వాటి గురించి 1796లో పెద్ద గ్రంథం ప్రచురించాడు. పాముల పేర్లను మన ఊళ్ళవాళ్ళు చెప్పినట్టే తెలుగులో రాసుకున్నాడు. రక్తపింజర ఆయన పుస్తకంలో 'కాటుకరేకుల పొడ'. పసుపు, నలుపు పట్టీలున్న మరో పాము 'బంగారు పాము'. కట్లపాముల ప్రజాతికి శాస్త్రజ్ఞులు ఈనాటికీ వాడే 'బుంగారస్' అన్న పేరు మన 'బంగారం' నుంచి వచ్చిందే! చూశారా, ఒకప్పుడు మన పల్లెల్లో పాములను పేరుపేరునా ఎరిగినవారుండేవారు. కనిపించిన ప్రతి పామునూ కొట్టటం కాదు, ఏది ఏదో తెలిసి ఉండటమే మనకు పెద్దలిచ్చిన జ్ఞానం.

అయితే ఒక హెచ్చరిక. కట్లపాముకు నల్లటి వంటిమీద సన్నని తెల్లని అడ్డగీతలుంటాయి. విషంలేని ఒక చిన్న పాముకు కూడా ఇంచుమించు అలాంటి గీతలే ఉంటాయి. ఆ తేడా తేల్చుకోవటానికి దగ్గరకు వెళ్ళకండి. చదువు పుస్తకంలో, దూరం ఇంట్లో. తెలియని పాము ప్రతిదీ విషమున్నదే అనుకుని నడుచుకోండి.

ఏం చేయాలి?

మొదట వెనక్కు తగ్గండి. కనీసం ఆరేడు అడుగుల దూరం ఉండాలి. చిన్నపిల్లలను, కుక్కను, పిల్లిని బయటకు పంపండి. పెద్దవాళ్ళలో ఒకరు దూరంగా నిలబడి పామును చూస్తూ ఉండాలి. అది ఎటు వెళ్ళిందో తెలియకపోవటమే అన్నిటికంటె ప్రమాదం. లోపలి గదుల తలుపులు మూసి, తలుపు కింది సందుల్లో గుడ్డలు కుక్కండి. వీధి తలుపు మాత్రం బార్లా తెరిచి, ఆ దారికి ఎవరూ అడ్డు లేకుండా చూడండి. సద్దు చేయకుండా ఉంటే చాలా పాములు దారి చూసుకుని వెళ్ళిపోతాయి. వెళ్ళకపోతే అటవీశాఖకు గాని, శిక్షణ పొందిన పాములు పట్టేవారికి గాని కబురు చేయండి. హైదరాబాదులో ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ ఈ పనే చేస్తోంది. అటువంటివారి ఫోను నెంబరు పాము వచ్చాక వెతుక్కోవటం కాదు, ఇప్పుడే కనుక్కుని గోడ మీద రాసి పెట్టండి.

నాగుపాము, రక్తపింజర, జెర్రిపోతులకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉంది. వాటిని చంపటం నేరం కూడా.

"చంపకపోతే పగపట్టి మళ్ళీ వస్తుంది కదా?" అని మీ నాయనమ్మ అడగవచ్చు. ఎవరు కొట్టారో, ఎవరు వదిలారో మనసులో పెట్టుకుని వెతుక్కుంటూ వచ్చే శక్తి పాము మెదడుకు లేదు. అదే చోట మళ్ళీ పాము కనిపించిందంటే పగ కాదు కారణం, ఎలుకలు. నాయనమ్మతో ఈ మాట నెమ్మదిగా, మర్యాదగా చెప్పండి. కార్తీక మాసంలో నాగులచవితి నాడు పుట్ట దగ్గరకు వెళ్ళేది కూడా ఆమే గదా! పాము పాలు తాగదు గాని, దానికి హాని చేయరాదన్న ఆమె భావన మాత్రం మెచ్చదగినదే.

ఇంటి చుట్టూ కార్బాలిక్ ఆమ్లం చల్లితే పాములు రావంటారు. దాన్ని నమ్ముకోకండి. పాము సంగతి ఎలా ఉన్నా, ఆ ఆమ్లం పిల్లల చర్మాన్ని కాల్చటం మాత్రం ఖాయం. ఆ డబ్బుతో తూముకు ఇనుప జల్లెడ, చేతికి ఒక టార్చిలైటు కొనటం మేలు.

రాత్రిపూట మరింత జాగ్రత్త కావాలి. కట్లపాము రాత్రి తిరుగుతుంది. నేల మీద పడుకున్నవారిని నిద్రలో కరుస్తుంది. నొప్పి పెద్దగా ఉండదు. ఒక్కోసారి గాటు కూడా కనబడదు. తెల్లవారుజామున కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవటం మొదలయితే పాముకాటేమోనని అనుమానించాలి. మంచం మీద పడుకోవటం, దోమతెర అంచులు పరుపు కిందకు దోపుకోవటం మంచి రక్షణ. నేపాల్‌లో జరిగిన ఒక పరిశీలనలో దోమతెర పాముకాటు నుంచి కూడా కాపాడుతుందని తేలింది.

ఒకవేళ కరిస్తే

108కి ఫోను చేయండి. అది వచ్చే వీలు లేకపోతే దొరికిన వాహనంలో ఆసుపత్రికి తీసుకుపోండి. కరిచిన కాలును గాని, చేతిని గాని కదలకుండా చూడండి. ఉంగరాలు, గాజులు, పట్టీలు తీసేయండి. తాడుతో బిగించి కట్టకూడదు. కోయకూడదు. నోటితో పీల్చకూడదు. వేపాకు, మిరపకాయ తినిపించి రుచి తెలుస్తోందా అని పరీక్షించటం వల్ల ఏమీ తెలియదు. సమయం మాత్రం పోతుంది. పసరు, నల్లరాయి, మంత్రం కూడా అంతే. "మంత్రంతో బతికినవాళ్ళున్నారు" అంటారు. ఉంటారు. వారిని కరిచిన పాముకు విషమే లేకపోవచ్చు, లేదా విషపు పాము కరిచినా విషం ఎక్కించకపోవచ్చు. వారు మంత్రం లేకపోయినా బతికేవారే. విషం నిజంగా ఎక్కినవారు మాత్రం మంత్రం దగ్గర గడిపిన ఆ గంటలోనే ఆశ కోల్పోతారు. బతికినవారిని లెక్కపెట్టి చనిపోయినవారిని విడిచిపెడితే అది శాస్త్రీయమైన లెక్క కాదు.

డాక్టరుగారికి చూపాలని పామును చంపి తెచ్చేవాళ్ళున్నారు. ఆ ప్రయత్నంలో రెండో మనిషిని కూడా కరవవచ్చు. మన దేశంలో వాడే విష విరుగుడు మందు పైన చెప్పిన నాలుగు పాములకూ కలిపి ఒకటే. రోగి లక్షణాలను బట్టి వైద్యులు చికిత్స చేస్తారు. పాము అక్కరలేదు.

ఆ మందు ఎక్కడిదో తెలుసా? పాము విషం నుంచే! విషాన్ని కొద్ది కొద్దిగా గుర్రాలకు ఎక్కించి, వాటి రక్తంలో పుట్టే ప్రతిరక్షకాలతో మందు తయారుచేస్తారు. తమిళనాడులో మద్రాసు దగ్గర ఇరుల తెగవారు 1978లో ఒక సహకార సంఘం పెట్టుకున్నారు. పూర్వం చర్మాల కోసం పాములను పట్టినవారే వారు. ఆ తరువాత పాములను పట్టి, విషం తీసి, మళ్ళీ వదిలేయటం వారి వృత్తి అయింది. చంపితే ఒక చర్మం. బతకనిస్తే వేలమందికి ప్రాణం.

ఇక్కడ మీలో కొందరికి ఒక సందేహం కలగాలి. "మాది మారుమూల పల్లె. పాములు పట్టేవారు ఎవరొస్తారు? అందరికీ మంచాలెక్కడివి?" అని. న్యాయమైన ప్రశ్నే. పాముకాటు బీదవాళ్ళ జబ్బు. చెప్పులు లేకుండా పొలంలో దిగేవాళ్ళను, నేల మీద పడుకునేవాళ్ళను, చీకటిలో బహిర్భూమికి వెళ్ళేవాళ్ళను అది వెతుక్కుంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని 2017లో నిర్లక్ష్యానికి గురైన వ్యాధుల జాబితాలో చేర్చింది. పాముకాటు మరణాలను 2030 నాటికి సగానికి తగ్గించాలని మన కేంద్ర ప్రభుత్వం 2024లో జాతీయ ప్రణాళిక ప్రకటించింది. కాగితం మీది ప్రణాళిక మీ ఊరు చేరాలంటే అడిగేవాళ్ళుండాలి. మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో విరుగుడు మందు ఉందా? వీధి దీపం వెలుగుతోందా? ఇవి మీరు అడగదగిన ప్రశ్నలే.

వచ్చే ఆదివారం ఒక గంట తీరిక చేసుకోండి. మీ ఇంటి చుట్టూ ఒకసారి తిరిగి ఎలుక బొరియలు ఎన్ని, మూతలేని తూములు ఎన్ని, గోడకు ఆనించిన కట్టెలమోపులు ఎన్ని అని నోటుబుక్కులో రాయండి. కట్టెలు ఎత్తేటప్పుడు చేతులు పెట్టకండి; పెద్దలతో కలిసి, పగటిపూట, పొడుగాటి కర్రతో కదిలించి చూడండి. కర్రకు సరయిన పని అదే! తరువాత విరుగుడు మందు ఉన్న ఆసుపత్రి మీ ఊరికి ఎంత దూరమో, ఫోను నెంబరు ఎంతో కనుక్కుని ఆ పేజీ చివర రాయండి. ఆ పేజీని ఇంట్లో అందరికీ కనిపించేచోట అంటించండి.