చరిత్రకు వేషం కట్టొద్దు

చారిత్రక స్థలాల దగ్గర శని, ఆదివారాల్లో ‘సజీవ చరిత్ర’ చూపిస్తామనేవాళ్లు ఎక్కువవుతున్నారు. పాతకాలపు బట్టలు కట్టి, పాత ఆయుధాలు పట్టి, జరిగినదాన్ని కళ్లముందు ఆడి చూపిస్తారట. కోటల దగ్గర రాజుల వేషాలు వేసుకుంటే మాకు అభ్యంతరం లేదు. జోడేఘాట్‌కు కూడా అదే పద్ధతిలో వస్తామంటే ఒప్పుకోం.

నెమలి ఈకల టోపీ పెట్టుకున్న గుస్సాడీ మా ఊళ్లలో వేషగాడు కాదు. దీపావళికి ముందు దండారీ మొదలైన దగ్గర్నుంచి ముగిసేదాకా అతను నియమంతో ఉంటాడు, స్నానం కూడా చేయడు. ఆ రోజుల్లో అతనిలో దైవం ఉందని నమ్మి మొక్కుతాం. ఆ నియమం లేకుండా, ఏదో ఒక ఆదివారం బస్సు దిగినవాళ్ల ఫొటోల కోసం ఆడిస్తే మిగిలేవి ఈకలే.

కుమ్రం భీం వేషం కట్టించి, చేతికి తుపాకీ ఇచ్చి ‘జల్, జంగల్, జమీన్’ అనిపించడం తేలిక. ఆ మాటలు ఎందుకు పుట్టాయో చెప్పడమే కష్టం. నిజాం ప్రభుత్వం అడవికి హద్దులు గీసి, సాగులో ఉన్న భూముల నుంచి గోండులను, కోలాములను వెళ్లగొట్టింది. పశువులను మేపితే పన్ను వేసింది. 12 ఊళ్ల మీద హక్కు అడిగిన భీం 1940లో పోలీసు తూటాలకు ఒరిగాడు. ఇంతవరకు చెబితే వినేవాళ్లు ఊరుకోరు. 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చాక కూడా పోడు పట్టా కోసం ఎందుకు తిరుగుతున్నారని అడుగుతారు. ఆ ప్రశ్నకు చోటివ్వని చరిత్ర సజీవం ఎలా అవుతుంది?

ఇంద్రవెల్లి సంగతేమిటి? 1981 ఏప్రిల్ 20న భూముల కోసం సభకు బయల్దేరిన గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపిన చోటు అది. అక్కడ పోలీసు వేషం ఎవరికి కడతారు? శవాలుగా ఎవరి పిల్లల్ని పడుకోబెడతారు?

‘జనం వస్తారు, నాలుగు డబ్బులు వస్తాయి, కళ బతుకుతుంది’ అంటారు. డబ్బు మాకూ కావాలి. కానీ మైకు పట్టుకున్నవాడికి గౌరవ వేతనం, మా పెద్దలకు రోజు కూలి అనే లెక్క కుదరదు. కథ చెప్పే ప్రధాన్, గుట్టల్లో దారి చూపే కోలాం పెద్ద అక్కడ గురువులు. గురువుకు ఇచ్చేదే వాళ్లకూ ఇవ్వాలి.

యువకులారా, ఉపాధ్యాయులారా, ఎవరో వచ్చి పెట్టేదాకా మనం ఆగనక్కర్లేదు. నెలకో శనివారం పిల్లలతో జోడేఘాట్ వెళ్దాం. ఆ 12 ఊళ్ల పటం పిల్లల చేతే గీయిద్దాం. కిక్రీ మోగిస్తూ ప్రధాన్ చెప్పే కథ గోండిలోనే విందాం. భీం పక్కన నిలిచిన కోలాం వీరుడు కుమ్రం సూరు గురించి కోలామిలో చెప్పిద్దాం. గుంజాల రాతప్రతుల్లో దొరికిన గోండి లిపిలో పిల్లల చేత వాళ్ల ఊరి పేరు రాయిద్దాం. ఇంకో శనివారం ఇంద్రవెల్లి స్తూపం దగ్గర కూర్చుందాం. ఆ రోజు తూటాలు తప్పించుకుని బతికినవాళ్లను పిలిచి, వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసుకుందాం. వాళ్లు పోయాక ఏ వేషగాడూ ఆ మాట చెప్పలేడు.

బయటివాళ్లూ రావచ్చు. ఫోన్లు సంచిలో పెట్టి, పిల్లల వెనక నేల మీద కూర్చుని వినాలి. గోండి అర్థం కాకపోతే పిల్లల్నే అడగాలి.