అరువు గాజు, సొంత అతుకు

కలకత్తాలో వాట్‌గంజ్‌ది మొదటినుంచీ రేవు బతుకే. పద్దెనిమిదో శతాబ్దం చివర అక్కడ ఓడల రేవుకు పూనుకున్న కల్నల్ హెన్రీ వాట్సన్ పేరే ఆ పేటకు నిలిచింది. పక్కనే ఉన్న ఖిదిర్‌పూర్‌లో బెంగాలీ కవి మైఖేల్ మధుసూదన దత్తు కుటుంబం కాపురముండేది. హుగ్లీ దాటితే శిబ్‌పూర్. 1820లో పునాది పడిన బిషప్స్ కాలేజీ అక్కడ ఉండేది. 1844 నుంచి 1847 దాకా అందులో చదివి ఆయన మద్రాసు చేరాడు. 1849లో మిత్రుడు గౌరదాస్ బసాక్‌కు రాసిన ఉత్తరంలో తన దినచర్య చెప్పుకున్నాడు. పొద్దున్నే హీబ్రూ, ఆపైన బడి, గ్రీకు. మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా తెలుగు, సంస్కృతం. తర్వాత లాటిన్, ఇంగ్లీషు.

వాట్‌గంజ్ నుంచి మైదానం వైపు వస్తే సెయింట్ పాల్స్ కెథడ్రల్. 1864 తుపానుకు దాని తూర్పు కిటికీ రంగుటద్దాలు పోయాయి. పడమటి కిటికీ 1880 నాటిది. 1872లో పోర్ట్ బ్లెయిర్‌లో హత్యకు గురైన వైస్రాయి మేయో స్మారకంగా పెట్టారు. బొమ్మలు బర్న్ జోన్స్‌వి, గాజుపని విలియం మోరిస్ సంస్థది.

ఇలాంటి కిటికీలో నీలానికి కరిగిన గాజులో కోబాల్టు కలుపుతారు. ముఖాల గీతలు ముదురు రంగుతో గీసి కొలిమిలో కాలుస్తారు. ఒక్కో ముక్కనూ సీసపు పట్టీ గాడిలో దూర్చి, పట్టీలు కలిసేచోట టంకం పెడతారు. దూరం నుంచి నల్లగా కనబడే ఆ అతుకే బొమ్మకు గీత. అతుకు దాచాలని చూస్తే బొమ్మే చెదురుతుంది.

మధుసూదనుడు చేసిందీ ఇదే పని. ప్రాస లేని పద్యం పడమటిది, కథ రామాయణానిది, మాట బెంగాలీది. 1861 నాటి ‘మేఘనాదవధ కావ్యం’లో ఇంద్రజిత్తు వైపు మొగ్గిన జాలి మాత్రం ఆయన సొంతం. రోజంతా ఆరు భాషలతో కుస్తీ పట్టినవాడికే ఆ అతుకు పని పట్టుబడింది.

మన కథానిక, నవల, వచన కవిత కూడా బయటి పోకడలు కలుపుకుని పెరిగినవే. ‘ఎక్కడి సరుకు’ అన్న తగాదాలో మన విమర్శ చాలా కాగితం ఖర్చు చేసింది. అరువు తప్పు కాదు. తెచ్చినదాన్ని మన మాటలో బిగించే ఓపిక లేకపోవడమే తప్పు. ఈ పత్రికకు వచ్చే రచనల్లో ఇకమీదట మేం మొదట చూసేది ఆ బిగువునే.